చెరువుకు నీళ్లెందుకు?

చెరువుల విషయంలో పూర్వీకులు చేసిన పొరపాట్లను హైదరాబాద్ నగరం ఒక్కొక్కటిగా దిద్దుకుంటూ వస్తున్నందుకు పౌరులమందరమూ గర్వించవలసి ఉన్నది. పై చెరువు నిండితే అలుగు దుమికి, ఆ నీరు కింది చెరువుకు, అక్కడినుంచి మరో కుంటకు, చివరకు మూసీకి చేరేటట్లు వాళ్లు గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. నీరు పల్లానికి పారుతుందన్న నమ్మకం ఆనాటి జనంలో బలంగా ఉండేది.

సుందరీకరణ ఆ నమ్మకాన్ని వదిలించింది. చెరువు చుట్టూ నిటారుగా కట్ట పోసి, రాళ్లు పేర్చి, పైన టైల్స్ పరచి, రెయిలింగ్ బిగించి, మధ్యలో రంగుల ఫౌంటెన్ పెడితే పని పూర్తవుతుంది. వాననీటిని తెచ్చే కాలువ కట్ట బయటే ఆగిపోయినా ఫౌంటెన్‌కు లోటు రాదు, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల మురుగు ఏడాది పొడవునా ఉండనే ఉంటుంది. మునుపు ఏటవాలుగా ఉన్న ఒడ్డున తుంగ, జమ్ము పెరిగి నీటిలోని మలినాన్ని కొంత పీల్చుకునేవి. వేసవిలో నీళ్లు తగ్గి చెరువు అడుగు నేల, అంటే శిఖం భూమి, తేలితే ఆ బురదలోని పురుగుల కోసం కొంగలు, ఉల్లంకులు దిగేవి. బురద ఫోటోలకు పనికిరాదు గనుక తీసివేశారు. పక్షులను ఎవరూ పొమ్మనలేదు, వాటికి వాకింగ్ అలవాటు లేకపోవడమే కారణం కావచ్చు.

పది హెక్టార్లకు తక్కువ కాని చెరువుకు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీరు చేరే హద్దు, దాటి 30 మీటర్ల ఖాళీ స్థలం (బఫర్) వదలాలని నిబంధన ఉన్నది. ఆ స్థలంలో లాన్ వేసి, ఎండాకాలంలో చెరువు పక్కనే ఉన్న ఆ గడ్డిని ట్యాంకర్ నీళ్లతో తడిపే ఇంజినీరింగ్ నైపుణ్యానికి ఇంకా తగిన గుర్తింపు రాలేదు. తంగేడు, గునుగు వంటి పిచ్చి మొక్కలకు లాన్‌లో చోటుండదు. బతుకమ్మకు అవే పూలను బజారులో కొనుక్కుని అదే ఒడ్డుకు రావచ్చు.

చెట్ల ఎంపికలోనూ దూరదృష్టి కనిపిస్తుంది. వేప, కానుగ ఆకు రాల్చి ఊడ్చేవారికి పని కల్పిస్తాయని, సోమాలియా, యెమెన్ తీరాలనుంచి కోనోకార్పస్‌ను తెచ్చి డివైడర్ల నిండా నాటారు. 2022లో తెలంగాణ ప్రభుత్వమే ఇక నాటవద్దన్నది, మరుసటి ఏడాది గుజరాత్ నిషేధించింది. నాటినవి మాత్రం నిగనిగలాడుతూనే ఉన్నాయి.

1908లో మూసీ వరద వేలమందిని మింగినప్పుడు ఆనాటి పాలకులు కంగారుపడి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించారు. 2020 అక్టోబరులో వాననీరు తన పాత దారి వెతుక్కుంటూ కాలనీల్లోకి వచ్చినప్పుడు మనం అలా తొందరపడలేదు. లేఅవుట్ అనుమతి, రిజిస్ట్రేషన్ పత్రం, ఇంటి నంబరు ఏదీ చూపలేని ఆ నీటినే ఆక్రమణదారుగా భావించి, మోటార్లు పెట్టి ఖాళీ చేయించాము.

కాబట్టి వచ్చే టెండరులో చెరువులో మిగిలిన నీటిని కూడా తీసివేసి, చెరువంతా నీలిరంగు టైల్స్ పరచాలని అధికారులను కోరుతున్నాను. దోమలుండవు, గుర్రపుడెక్క తీయించే ఖర్చు మిగులుతుంది. టైల్స్ మాత్రం ఈసారి ఎండకు వెలవని రకం చూడాలి.