"ఒక్కరోజులో హైదరాబాద్" లిస్టు గారికి

మహారాజశ్రీ లిస్టు గారికి నమస్కారాలు.

మీ ఫార్వర్డు మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది మా పిన్ని, కింద "ఆదివారం పొద్దున్నే దిగుతున్నాం, ఇవన్నీ చూపించేయ్ నాన్నా" అని రాసి. మీలో మాత్రం ఏ మార్పూ లేదు. చార్మినార్, లాడ్ బజార్, సాలార్‌జంగ్, గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, మధ్యలో ఎక్కడో బిర్యానీ, అన్నిటికన్నా కింద "టైముంటే శిల్పారామం". ఆ "టైముంటే" రాసినవాళ్లు జన్మలో పాతబస్తీ నుంచి గోల్కొండకి కారులో వెళ్లి ఉండరు.

మీ పలుకుబడి మాత్రం మామూలుది కాదు. ఈ ఊళ్లో ఇన్నేళ్లుగా అద్దె కడుతున్న మనిషిని నేను, కానీ మీరు ఉన్నాక నా మాటకి విలువెక్కడిది? నేను ఉట్టి డ్రైవర్ని. "బాబాయ్, ఇక్కడ కాసేపు ఆపుదామా" అంటే, ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఫోను దూరంగా పట్టుకుని మిమ్మల్ని పైనుంచి కిందకి ఒకసారి తిరగేసి, "లిస్టులో లేదు కదరా" అంటాడు. అంతే, కేసు కొట్టేసినట్టే.

పోనీ నేనేమన్నా ఊరి అవతలకి రమ్మన్నానా? మీరు వేసిన రూటులోనే, చార్మినార్ నుంచి సాలార్‌జంగ్‌కి వెళ్లే దారిలోనే, పత్తర్‌గట్టి దగ్గర బాద్‌షాహీ అషుర్‌ఖానా ఉంది. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే దీన్నీ కట్టించాడు. 1591లో అది, ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే ఇది. మొహర్రంలో పీర్లు నిలబెట్టే చోటు, చెప్పులు విడిచి తల కప్పుకుని వెళ్లాలి. లోపల గోడ చూడాలండీ, ఒక్కసారి చూడాలి: నీలం, పసుపు, ఆకుపచ్చ మెరుపు పలకల్ని రంగురంగులకీ విడివిడిగా ముక్కలు కోసి, ఒకదాని పక్కన ఒకటి అతికించి, గోడ మీదే పీర్ల ఆకారాలు, చుట్టూ తీగలు తేల్చారు. దగ్గరికెళ్లి చూస్తే కొన్నిచోట్ల మెరుపు ఉండదు. 1908 సెప్టెంబరులో మూసీకి వరదొచ్చినప్పుడు అక్కడి పలకలు దెబ్బతింటే, ఆ మేరకు ఉత్త రంగులతో అదే డిజైను గీసేశారు. ఏది పలకో ఏది పెయింటో కనిపెట్టడం పిల్లలకి మంచి ఆట, మీ గోల్కొండ చప్పట్ల కన్నా ఎక్కువసేపు సాగుతుంది. 1687లో గోల్కొండ మొఘలుల చేతికి పోయాక కొన్నాళ్లు దీన్ని బండ్లు పెట్టుకునే చోటుగా వాడారంటారు. చార్మినార్ దగ్గర పార్కింగ్ సమస్య అప్పటినుంచే ఉందన్నమాట.

పోయినసారి అంత గోడని దాటుకుంటూ మావాళ్లు గాజులు కొనడానికి గంటన్నర బేరమాడారు. తప్పు వాళ్లది కాదు, "గాజుల షాపింగ్" అని మీరే రాశారు కాబట్టి.

ఆ వరద సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఆ రోజు సుమారు 150 మంది ఒక చింతచెట్టెక్కి బతికారు. ఆ చెట్టు అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది, మీ సాలార్‌జంగ్‌కి దాదాపు ఎదురుగా, నదికి అవతలి ఒడ్డున. మళ్లీ అంత వరద రాకూడదనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్ పూర్తయింది, అంటే మీరు "గండిపేట పిక్నిక్" అని రాసుకునే ఆ చెరువు. చెట్టుకి మాత్రం మీలో చోటు లేదు. చెట్టు ముందు సెల్ఫీ దిగితే ఏ ఊరో తెలియదని కాబోలు.

ఇంకా అన్యాయం నిజాంల కాలపు సంపన్న వంశం పైగాల విషయం. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో టీ తాగడం మీ "లగ్జరీ ఎడిషన్"లో మొదటి లైను. ఆ ప్యాలెస్ కట్టించిన వికారుల్ ఉమ్రా పైగా వంశం వాడు, ఆయన సమాధి సంతోష్‌నగర్ పక్కన పిసల్‌బండలో ఉంది, వాళ్ల వంశం వాళ్లందరి మధ్యా. చుట్టూ ఇళ్లు, బట్టలారేసిన మేడలు, సందు చివర గేటు. లోపలికి వెళ్తే గోడలంతా సున్నంతో తీర్చిన పువ్వులూ తీగలూ, చిల్లుల అల్లికల్లాంటి జాలీలు. ఒక జాలీ గీత పక్క జాలీతో కలవదు, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే ఆ గీతలన్నీ నేల మీద పరుచుకుంటాయి. ఆయన ఇంట్లో టీ తాగడానికి వేలు ఖర్చుపెట్టించే మీరు, ఆయన్ని పలకరించి రమ్మని ఒక్క ముక్క రాయరు!

అన్నట్టు, శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు. ఇది కూడా రాయరు. గేటు దగ్గర ఆటోలు దిగి మొహాలు చూసుకునే కుటుంబాలు ప్రతి శుక్రవారం కనపడతాయి. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో నిజం ఈజిప్టు మమ్మీ ఉందన్నదీ మీరు రాయరు.

మీకో తమ్ముడున్నాడు, "ఎవరికీ తెలియని హైదరాబాద్" అని. అతని సంగతి వేరే. లక్షమందికి ఫార్వర్డయ్యాక కూడా ఎవరికీ తెలియనిదే. చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని మనుషులు తవ్వి, శుభ్రం చేసి, నీళ్లు ఊరేలా చేసి 2022 డిసెంబరులో మళ్లీ తెరిస్తే, తమ్ముడు రాసింది "రీల్స్‌కి అదిరిపోయే లొకేషన్" అని. అంత పాత బావిలో అంత చెత్త ఎలా చేరింది, ఎవరు తీశారు అన్నది అతనికి అనవసరం. మౌలాలీ గుట్ట కింద తన తల్లి పక్కనే సమాధిలో నిద్రపోతున్న కవయిత్రి మహ్‌లఖా బాయి చందా గురించి మాత్రం చెప్పడు. ఉర్దూలో దీవాన్, అంటే కవితల సంపుటి, కూర్చిన తొలి ఆడవాళ్లలో ఒకరు ఆవిడ. మెట్లు లేవు, నీళ్లలో నీడ పడదు, ఇంక రీలెలా వస్తుంది?

ఊరి బయట మీ పాండిత్యం ఒకే చోట ఆగింది, ఫిల్మ్‌సిటీ. రోజంతా దానికే. నాకు అభ్యంతరం లేదు, సెట్టులో రాజమహల్ కూడా చూడాల్సిందే. కానీ అదే విజయవాడ రోడ్డులో ఇంకాస్త ముందుకెళ్లి, చౌటుప్పల్ రాకముందే ఎడమవైపు తిరిగితే భూదాన్ పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూమిలేని వాళ్ల కోసం అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరు. పిన్నికి భూదానం అక్కర్లేకపోవచ్చు, చీర కావాలి. ఆ చీర షాపులో కాకుండా ఇంట్లో చూడాలి: నేసిన తర్వాత రంగెయ్యరు, నూలు మీదే ముడులు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచి, డిజైనంతా దారంలోనే దాచేస్తారు. మగ్గమెక్కాక ఒక్కో పోగూ తన చోటికి వచ్చి కూర్చుంటేనే పువ్వు పువ్వులా కనపడుతుంది. నేతకి ముందు ఆసు అనే చట్రం మీద దారం తిప్పి తిప్పి ఆడవాళ్ల భుజాలు పడిపోయేవి. తల్లి బాధ చూసి ఆ పనికి మిషన్ చేసిన చింతకింది మల్లేశంది ఆలేరు వైపే. ఇవన్నీ చూశాక పిన్ని అరవై రూపాయలు తగ్గించమని బేరమాడుతుందనుకోను. ఏమో, ఆడుతుందేమో కూడా.

అందుకని ఒక రాజీకి వద్దాం. ఆదివారం మీ లాడ్ బజార్ గంటన్నరలో నాకు అరగంట వదలండి, పత్తర్‌గట్టి వరకే. బదులుగా ట్యాంక్‌బండ్ మీద బుద్ధుడు అరచేతిలో ఉన్నట్టు ఫోటోలు నేనే తీస్తాను, గోల్కొండ గేటు దగ్గర చప్పట్లూ నేనే కొడతాను, మీ పరువు పోనివ్వను. కుదరదంటారా, మీ ఇష్టం. సోమవారం పిన్నీ వాళ్లని సూర్యాపేటలో దింపాల్సింది నేనే. చౌటుప్పల్ రాకముందు, ఎడమవైపు మలుపు దగ్గర, బాబాయ్ మీలో వెతుక్కునేలోపు కారు తిరిగిపోయి ఉంటుంది.

ఇట్లు,
మీ డ్రైవరు