బావా, ఆ మెసేజ్ ఇంక పంపకు

నిన్న రాత్రితో నాలుగోసారి. మొదట మా ఇంటర్ బ్యాచ్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆ తర్వాత ఒక రిటైర్డ్ మాస్టారు (ఆయన పింఛను బడి పెట్టిన భిక్షే), చివరికి విశాఖ నుంచి మా బావ. ‘బడి ఒక ఫ్యాక్టరీ, సోషియాలజిస్టులు బయటపెట్టిన రహస్యం’ అని పైన ఎర్ర అక్షరాలు. కింద ఐదు ‘నిజాలు’. మెకాలే అనే తెల్లదొర మన చదువును చంపాడు. అంతకుముందు మనవాళ్లందరూ అక్షరాస్యులే. బెల్లు, యూనిఫాం పెట్టింది పిల్లల్ని కూలీలను చేయడానికే. ఐన్‌స్టీన్ లెక్కల్లో ఫెయిలయ్యాడు. కాబట్టి బడి మాన్పించి కులవృత్తి నేర్పించండి.

ఐన్‌స్టీన్ ఫెయిలవలేదు. పదిహేనేళ్లు రాకముందే కాలిక్యులస్ నేర్చేసుకున్నాడు. అది అయిపోయింది.

మెకాలే 1835 ఫిబ్రవరి 2న లండన్ పార్లమెంటులో నిలబడి ‘దేశమంతా తిరిగాను, ఒక్క బిచ్చగాడు కనిపించలేదు’ అన్నాడని ఆ మెసేజ్‌లో ఉంది. ఆ రోజు ఆయన ఉన్నది కలకత్తాలో. ఆ తేదీతో ఆయన నిజంగా రాసిన కాగితం వేరే ఉంది. మంచి యూరప్ లైబ్రరీలో ఒక్క అర, ఇండియా, అరేబియా సాహిత్యం మొత్తానికి సమానం అని అందులో రాశాడు. అసలుదే అంత పొగరుగా ఉంటే మళ్లీ దొంగది అచ్చు వేయడం ఎందుకో!

అందరూ అక్షరాస్యులే అన్నది చూద్దాం. మద్రాసు గవర్నర్ మన్రో 1822లో జిల్లాల నుంచి లెక్కలు అడిగాడు. 1826లో ఆయన వేసిన అంచనా ప్రకారం బడి ఈడు మగపిల్లల్లో బడికి వెళ్లేది సుమారు నాలుగో వంతు. ఇంటి దగ్గర చదివేవాళ్లను కలిపితే మూడో వంతుకు దగ్గర. ఆ రోజులకు అది తక్కువేం కాదు, ఒప్పుకుంటాను. మరి ఆడపిల్లలు? బహు కొద్దిమంది. ఆ ‘అందరూ’లో మా ముత్తవ్వ లేదన్నమాట.

ఇక ఫ్యాక్టరీ. ఈ పోలిక గాల్లోంచి ఊడిపడలేదు. 1976లో అమెరికాలో బౌల్స్, గింటిస్ అని ఇద్దరు దీన్ని వివరంగా రాశారు (సోషియాలజిస్టులు కారు, ఎకనామిక్స్ వాళ్లు). బడిలో మార్కుల కోసం చదవడం, రేపు పనిలో జీతం కోసం చెయ్యడం. ఇక్కడ టీచరు, అక్కడ సూపర్‌వైజరు. మా అక్క కొడుకు చదివిన రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజామున ఐదింటికి బెల్లు, రాత్రి పదింటిదాకా స్టడీ అవర్. వాణ్ణి చూశాక ఆ ఇద్దరిదీ తప్పని నేను అనలేను. ఫ్రాన్సులో బూర్డ్యూ అనే సోషియాలజిస్టు చెప్పింది నాకు ఇంకా గట్టిగా తగిలింది. కలిగిన ఇంట్లో మాట్లాడే భాషనే బడి తెలివి అనుకుంటుందట. ఏడో తరగతిలో నేను మా శ్రీకాకుళం యాసలో ‘ఏటండీ’ అంటే క్లాసంతా నవ్వింది, టీచరుతో సహా. ఆ ఏడాది మళ్లీ చెయ్యెత్తలేదు.

అయితే వీళ్లెవరూ కులవృత్తి నేర్పించమనలేదు బాబూ. 1971లో బళ్లే వద్దన్న ఇవాన్ ఇల్లిచ్ కూడా అనలేదు. ఎవరికి ఏది కావాలంటే అది నేర్చుకునే వీలుండాలన్నాడు. మీ మెసేజ్ చెప్పేదేమో, ఎవరి నాన్న ఏం చేస్తే వాడూ అదే చెయ్యాలని. ఇంగ్లండులో పాల్ విల్లిస్ పన్నెండు మంది కూలీల పిల్లల వెంట తిరిగి 1977లో ఓ పుస్తకం రాశాడు. బడిని, టీచర్లను, చదివేవాళ్లను వెక్కిరించి తామే గడుసువాళ్లమనుకున్న కుర్రాళ్లు వాళ్లు. ఆ గడుసుతనమే వాళ్లను తిన్నగా తండ్రులు చేసే కూలిపనిలోకి దింపింది.

మా పలాసలో పోలికల అవసరం లేదు, ఫ్యాక్టరీలు నిజంగానే ఉన్నాయి. మా అమ్మ బడి మానేసి జీడిపిక్కలు కొట్టడానికి వెళ్లింది. పెంకులోంచి కారే జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది. బూడిద రాసుకుని కొట్టేది, అయినా వేళ్లు నల్లబడేవి. కుంకుడురసానికీ పోని నలుపు. పెళ్లిళ్లకు వెళితే కుడిచెయ్యి కొంగులో దాచుకునేది. ఇప్పుడు రేషను డిపో దగ్గర మెషీన్ మీద మూడుసార్లు వేలు పెట్టినా ముద్ర పడదు, గీతలు అరిగిపోయాయి. సంతకంతో పనయ్యే చోట కూడా వేలు పెట్టడం తప్ప ఆమెకు మరో దారి నేర్పినవాళ్లు లేరు. ఇదీ మీరు నేర్పించమంటున్న పని. ఎంత ప్రాక్టికల్‌గా ఉందో కదా!

భాషను వెక్కిరించే బడికి మందు బడి మూసెయ్యడం కాదని మన జిల్లాలో పుట్టినాయనే చేసి చూపించాడు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర అనే గిరిజనుల భాష నేర్చుకుని, అందులో వాచకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్లు పెట్టారు. ఆయన గురించి ఒక్క ఫార్వర్డ్ రాదేం?

బావా, మీ చిన్నోడికి కోచింగ్ ఫీజు రెండో విడత కట్టావని అక్క చెప్పింది. ఆ డబ్బు వెనక్కి తీసేసుకో. టీసీ కూడా పట్టుకుని వచ్చెయ్. ఇక్కడ పిక్కలు ఉడకబెట్టే దగ్గర మనిషి కావాలట, నేను మాట్లాడి పెడతాను.