ఇంటాయన మరకలు వదిలించిన ఆదివారం

ఆదివారం పొద్దున్నే ఇంటాయనకి శుభ్రం మీద మనసు పుట్టిందంటే, మిగతావాళ్ళు తమ తమ వస్తువులు జాగ్రత్త చేసుకోవడం మంచిది. ఈసారి ఆయన కన్ను స్నానాలగది కుళాయి మీద పడింది. దాని మెడ చుట్టూ తెల్లటి గార. షవర్ చిల్లుల్లోనూ అదే, టీ కెటిల్ అడుగునా అదే.

"ఏమండీ, దాని మానాన దాన్ని వదిలేయండి" అంది ఇల్లాలు. ఆయన వదిలేసే రకమే అయితే ఈ కథకి ఇక్కడే చుక్క పెట్టేయొచ్చు.

ఆ గార చాలావరకు కాల్షియం కార్బొనేట్. సున్నపురాయిలో ఉండే సరుకే. కఠినజలం కాగినప్పుడో ఆరినప్పుడో నీళ్ళు వాటి దారిన పోతాయి, ఇది కరుచుకుని ఉండిపోతుంది. సబ్బుకి లొంగదు, ఆమ్లానికి లొంగుతుంది. ఇంతవరకు ఇంటాయన లెక్క తప్పు కాదు. ఏ ఆమ్లం, ఎంత గాఢతలో, దేని మీద అన్న మూడు ప్రశ్నల దగ్గరే ఆయన వరసగా జారిపడ్డాడు.

మొదటి ప్రయోగం వినెగర్, వంటసోడా జోడీ. ఎవరో వీడియోలో చూపించారట. చిన్న గిన్నెలో 70 మిల్లీలీటర్ల వినెగర్ పోసి, చెంచాడు సోడా వేశాడు. బుస్సుమని నురగ పొంగింది. "చూశావా పవరు!" అన్నాడు. ఆ పవరంతా గిన్నెలోనే ఖర్చయిపోయింది. వినెగర్‌లో ఎసిటిక్ ఆమ్లం దాదాపు 5 శాతం. చెంచాడు సోడా అంటే సుమారు 5 గ్రాములు, సరిగ్గా ఆ 70 మిల్లీలీటర్లలోని ఆమ్లాన్ని మట్టుపెట్టడానికి చాలు. శత్రువు మీదికి పంపిన సైన్యం ఇంటి గుమ్మంలోనే తమలో తాము కొట్టుకుని చచ్చినట్టు. మిగిలింది సోడియం ఎసిటేట్ కలిసిన ఉప్పటి నీళ్ళు. వాటితో అరగంట రుద్దినా గార నవ్వుతూనే ఉంది. సోడా జోలికి పోకుండా, వట్టి వినెగర్‌లో తడిపిన గుడ్డని కుళాయికి అరగంట చుట్టి ఉంచి కడిగేస్తే సరిపోయేది. అందులో నురగ రాదు, చూడ్డానికేమీ ఉండదు. అందుకే ఎవరూ వీడియో తీయరు.

కెటిల్ దగ్గర మాత్రం ఆయన గెలిచాడు. లీటరు నీళ్ళకి 25 గ్రాముల సిట్రిక్ ఆమ్లం పలుకులు, చెయ్యి పెట్టలేనంత వేడి, అరగంట నానబెట్టడం, రెండుసార్లు కడగడం. అడుగు అద్దంలా వచ్చింది. నిజానికి ఈ గెలుపులోనూ ఇల్లాలి చెయ్యి ఉంది. "ఇంకా మరిగిస్తే ఇంకా బాగా పోతుందేమో" అని ఆయన స్విచ్ మీద వేలు పెట్టేసరికి, "ఇక చాలు" అని ఆవిడ ప్లగ్ పీకేసింది. పీకకపోతే తెల్లపొడి మళ్ళీ తేలేదేమో. గార కరిగినప్పుడు పుట్టే కాల్షియం సిట్రేట్‌ది తలతిక్క స్వభావం. చన్నీళ్ళలో కరిగినంత కూడా వేణ్ణీళ్ళలో కరగదు.

ఆ మెరిసే కెటిల్‌లో తన ముఖం చూసుకున్నాక ఇంటాయనలో శాస్త్రవేత్త నిద్రలేచాడు. "మెతక ఆమ్లమే ఇంత చేస్తే, గట్టిది ఇంకెంత చేస్తుందో!"

టాయిలెట్ క్లీనర్ సీసా దించాడు. అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం సుమారు 10 శాతం. ఆమ్లం ఘాటు కొలవడానికి రసాయనవేత్త సోరెన్‌సెన్ 1909లో పెట్టిన పీహెచ్ కొలబద్ద మీద (అంకె తగ్గేకొద్దీ ఘాటెక్కువ) వినెగర్ రెండున్నర దగ్గర కూర్చుంటుంది, ఇది సున్నా కంటే కిందికి దిగిపోతుంది. ఒక్కో మెట్టుకీ పదింతలు కాబట్టి తేడా దాదాపు వెయ్యి రెట్లు. మన కడుపులో ఊరేదీ ఈ ఆమ్లమే గాని, చాలా పలచన. పైగా దాని కోసం ప్రకృతి కడుపు గోడకి జిగురు పూత పూసింది. స్నానాలగదికి అలాంటి ఏర్పాటు ఎవరూ చెయ్యలేదు.

పక్కదారే గాని, ఇక్కడ ఓ మాట చెప్పకపోతే నాకు తోచదు. పాత తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆక్సిజన్‌ని ఆమ్లజని అనేవారు, అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆ పేరు ఫ్రెంచి రసాయనవేత్త లవోజియే పొరపాటుకి అనువాదం. ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉండి తీరాలని ఆయన నమ్మాడు. ఈ సీసాలో ఉన్న ఆమ్లంలో అది చుక్కయినా లేదని 1810లో ఇంగ్లండు రసాయనవేత్త డేవీ తేల్చాడు. ఉన్నది హైడ్రోజన్, క్లోరిన్, అంతే. ఆమ్లజని అన్న పేరు న్యాయంగా ఉదజనికి, అంటే హైడ్రోజన్‌కి, దక్కాల్సింది. లవోజియే అంతటివాడే బోల్తా పడ్డ చోట మన ఇంటాయన ఏపాటి!

ఆయన కుళాయి మీద క్లీనర్ ధారగా పోశాడు. గార నిమిషంలో మాయం. అది కారి గుమ్మంలోని పాలరాతి గడప మీద పడింది. అక్కడా నురగ వచ్చింది. "అబ్బో, గడపకి ఎంత మురికి పట్టిందో!" అని మురిసి, ఇంకాస్త పోశాడు.

మురికి కాదు మహానుభావా, గడపే. పాలరాయీ కాల్షియం కార్బొనేటే. ఏది గార, ఏది గడప అని విచారించే ఓపిక ఆమ్లానికి లేదు. 10 శాతం ఆమ్లం 100 మిల్లీలీటర్లు సుమారు 14 గ్రాముల రాయిని మింగి కూర్చుంటుంది. నీళ్ళు పోసి తుడిచాక చూస్తే, క్లీనర్ ప్రవహించిన దారి పొడుగునా మెరుపు చచ్చి, నత్త పాకినట్టు తెల్లటి చార. వేలితో రాస్తే సుద్దలా గరగర. అది ఎంత తుడిచినా పోదు, ఎందుకంటే అక్కడ పోవడానికి మరకంటూ ఏమీ లేదు, రాయి పైపొరే లేదు. సన్నటి అరగదీత కాగితాల నుంచి పాలిష్ పొడి దాకా మెట్టు మెట్టుగా మళ్ళీ నునుపు తేవాల్సిందే. ఈలోపు కుళాయి మీది క్రోమియం పూత కూడా మచ్చలు మచ్చలుగా లేచి, పలకల మధ్య సిమెంటు సందులు ఇసక రాల్చడం మొదలుపెట్టాయి.

"బ్లీచ్ పోసి తెల్లగా చేసేస్తా" అంటూ ఆయన రెండో సీసా అందుకున్నప్పుడు, ఇల్లాలు మాట్లాడకుండా దాన్ని లాక్కుని బయటికి నడిచింది. ఆ ఇంట్లో ఆ రోజు జరిగిన పనుల్లో అన్నిటికన్నా మంచి పని అదే. బ్లీచ్‌లోని హైపోక్లోరైట్ ఈ ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 ఏప్రిల్‌లో, బెల్జియంలోని ఈప్ర యుద్ధరంగంలో సైనికుల మీద వదిలింది దాన్నే. తలుపు మూసిన స్నానాలగదిలో దానితో హాస్యం లేదు.

మధ్యాహ్నానికి అవమానం చల్లారి, ఆయన కారు బ్యాటరీ మీద పడ్డాడు. టెర్మినళ్ళకి తెల్లగా, నీలంగా చిలుము. ఇక్కడ సోడా సరైన మందు. పొద్దున వేయకూడని చోట వేసినందుకు ఇక దాని మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాడు కాబట్టి పొడిగుడ్డతో తుడిచాడు. సెల్లులో మట్టం తగ్గిందని ఆమ్లం పోయబోయి, మూత మీది అక్షరాలు చదివి ఆగాడు. తగ్గేది నీళ్ళు, ఆమ్లం లోపలే ఉంటుంది. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్. అది సరిగ్గానే పోశాడు, పాపం. పోస్తూ బ్యాటరీ అంచుకి ఆనుకున్నాడు, గుడ్డని మడిచి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. ఆ అంచుకీ గుడ్డకీ ఉన్న తడి సుమారు 37 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం. చుక్కలు కనబడలేదు, మంట పుట్టలేదు, ప్యాంటు నిక్షేపంగా ఉంది.

నూలు దారమంటే సెల్యులోజ్, మొక్కల పీచు సరుకే. నీళ్ళు ఆవిరవుతాయి గాని సల్ఫ్యూరిక్ ఆమ్లం ఆవిరవదు, ఆరేకొద్దీ గాఢమవుతూ పోగుల్ని లోలోపల తుంచుతూ ఉంటుంది. బట్ట మాత్రం ఏమీ ఎరగనట్టు రూపు నిలబెట్టుకుంటుంది, వాషింగ్ మెషీన్‌లో పడేదాకా.

బుధవారం ఇల్లాలు ప్యాంటుని దులిపి వెలుతురుకేసి పట్టుకుంది. తొడ మీద చిన్నా పెద్దా కలిపి పదిహేడు చిల్లులు. జేబు ఉన్నచోట జేబు లేదు. దాన్ని కుట్టిన పాలియెస్టర్ దారం మాత్రం ఆమ్లానికి లొంగక, జేబు ఆకారంలో చెక్కుచెదరకుండా వేలాడుతోంది.

"ఏమండీ" అంది, "మీ జేబు చిరునామా ఉంది గాని, ఇల్లు ఖాళీ చేసేసింది."

ఆయన కాసేపు దాన్ని శ్రద్ధగా పరిశీలించాడు.

"మరకైతే ఒక్కటీ లేదు కదా" అన్నాడు.