ఒంగోలులో గులాబీలకు ఫిబ్రవరి దాకా ఆగితే ఆలస్యమే
చలి పూర్తిగా పోయాక, ఫిబ్రవరి చివర్లో గులాబీలు కత్తిరించమని నేను చదివిన ఒక తోటపని వ్యాసంలో రాశారు. మంచు కురిసే దేశాల్లో అది సరైన సలహానే, ముందే కోస్తే కొత్త చిగుళ్లు మంచుకి మాడిపోతాయి. మా ఒంగోలులో మాత్రం చిగుళ్లను చంపేది చలి కాదు, ఎండ. ఫిబ్రవరి చివర్లో కోస్తే లేత ఆకులు వచ్చేది సరిగ్గా మార్చి ఎండల్లోకే. అందుకే ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక, డిసెంబరు చివర్లోనో జనవరి మొదట్లోనో నేను కొమ్మలు కోస్తాను. అసలు మనవైపు చలికన్నా ఆ వానల తడే ఎక్కువ నష్టం చేస్తుంది, వ్యాసంలో ఆ ఊసే లేదు. ఆకులకు నల్లమచ్చ తెగులు పట్టి, పసుపు రంగుకి తిరిగి రాలిపోతాయి. రాలినవాటిని మొక్క కిందే వదిలేస్తే తెగులు మళ్లీ కొత్త చిగుళ్లకు ఎక్కుతుంది, ఏరి తగలబెట్టాల్సిందే. ఎండుకొమ్మల్ని లోపలి బెండు తెల్లగా కనిపించేదాకా కోసి, కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) రాయాలి. అంటు కట్టిన చోటుకి కింద నుంచి లేచే కొమ్మల్ని మాత్రం దయచేసి ఉంచకండి, అవి నాటు గులాబీవి, బలమంతా అవే లాగేస్తాయి. మా వీధిలో బోరు నీళ్లు ఉప్పన, అందుకని వీలైనప్పుడల్లా మంచినీళ్లే పోసి, తడి ఆరకుండా మొక్క మొదలు చుట్టూ వేరుశనగ పొట్టు పరుస్తాను.