లాక్ నెస్ మీద ఒక ఆజ్ఞ: వాదోపవాదం

1940 డిసెంబర్ 31న స్కాట్లాండ్‌లోని లాసీమౌత్ వైమానిక స్థావరం నుంచి నావిగేషన్ (దారి కనుక్కునే) శిక్షణకు బయలుదేరిన ఒక బ్రిటిష్ వెల్లింగ్టన్ బాంబర్‌కు, మంచు కురుస్తున్న కొండల మీద సుమారు 8 వేల అడుగుల ఎత్తున కుడి ఇంజిన్ ఆగిపోయింది. కెప్టెన్ మార్వుడ్ ఎల్టన్ సిబ్బందిని పారాచ్యూట్లతో దూకమన్నాడు. దూకిన ఆరుగురిలో, తోకలోని తుపాకులు పేల్చే వెనుక గన్నర్ పారాచ్యూట్ చిరిగి మరణించాడు. ఆ తరువాత మేఘాల సందులో లాక్ నెస్ సరస్సు కనిపించడంతో కెప్టెన్, సహ పైలట్ విమానాన్ని నీటి మీద దింపి, రబ్బరు పడవలో ఒడ్డు చేరారు. ఆ మరణానికి బాధ్యత ఎవరిదన్న విషయంపై ఒక చరిత్ర అధ్యాపకురాలికీ, వైమానిక దళంలో పనిచేసి విరమించిన ఒక నావిగేటర్‌కూ జరిగిన వాదన ఇది.

అధ్యాపకురాలు: విమానంలో ఉండిపోయిన ఇద్దరూ బతికారు, ఆజ్ఞను పాటించి దూకినవారిలో ఒకడు చనిపోయాడు. కెప్టెన్ కొంచెం ఓపిక పట్టి ఉంటే ఎనిమిది మందీ ఒడ్డెక్కేవారు కదండీ?

నావిగేటర్: కింద సరస్సు ఉందని మనకు ఇప్పుడు తెలుసు కాబట్టి అలా అనగలుగుతున్నామమ్మా. ఆయనకు తెలిసింది కింద మేఘమూ, మేఘం కింద కొండలూ ఉన్నాయని మాత్రమే. అప్పటి వెల్లింగ్టన్‌కు ఒక్క ఇంజిన్‌తో ఎత్తు నిలుపుకోవడం కష్టం. పారాచ్యూట్ విచ్చుకోవడానికి చాలినంత ఎత్తు ఉండగానే దూకమనాలి, ఆలస్యమైతే ఆ దారి కూడా మూసుకుపోతుంది. పైగా నీటి మీద దింపడమంటే క్షేమంగా దిగడమని అర్థం కాదు. నీటిని తాకే కోణం తప్పితే విమానం విరిగిపోతుంది. విరగకపోయినా, మునిగే లోపల ఎనిమిది మంది బయటపడాలి.

అధ్యాపకురాలు: అయితే కెప్టెన్‌ను వదిలేస్తాను. కాని వెనుక గన్నర్ సంగతి చూడండి. తోక చివర, మిగతా వారికి దూరంగా, ఒంటరిగా కూర్చునేవాడతను. అతను కూర్చునే ఆ టరెట్, అంటే తుపాకుల గది, ఎంత ఇరుకంటే పారాచ్యూట్‌ను దాని వెనుక, విమానం లోపలి భాగంలో పెట్టేవారు. అతను తలుపులు తెరిచి, దాన్ని అందుకుని, తగిలించుకుని అప్పుడు దూకాలి. ఆజ్ఞ అందరికీ ఒకేసారి ఇచ్చినా, దాన్ని పాటించడం అతనికే అందరికంటే కష్టం.

నావిగేటర్: అది యంత్రంలోని లోపం, నేను కాదనను. యుద్ధంలో ఎందరో గన్నర్లు ఆ లోపానికి బలయ్యారు.

అధ్యాపకురాలు: 1976లో, లాక్ నెస్‌లో ఉందని జనం చెప్పుకునే వింత జంతువు కోసం వెతుకుతున్నవారికి ఈ విమానం సరస్సులో కనిపించింది. 1985లో సుమారు 230 అడుగుల లోతు నుంచి పైకి తీసి, అది తయారైన ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్‌లోనే మ్యూజియంలో నిలబెట్టారు. బ్యాటరీ తగిలిస్తే తోక దీపం వెలిగిందని జనం ఇప్పటికీ ఆశ్చర్యంగా చెప్పుకుంటారు. ఆ తోకలో కూర్చున్నవాడిని తలచేవారు అరుదు.

నావిగేటర్: విమానం దొరక్కపోతే ఆ అరుదైన తలపు కూడా ఉండేది కాదు.

అధ్యాపకురాలు: దొరికిన ఆ విమానం చరిత్రే నా వాదనకు ఆధారం. 1939 డిసెంబర్ 18న పట్టపగలు జర్మన్ దీవి హెలిగోలాండ్ వైపు దాడికి వెళ్ళిన 22 వెల్లింగ్టన్లలో 12 నేలకూలగా, తిరిగి వచ్చినవాటిలో ఇది ఒకటి. ఆ తరువాత మరికొన్ని దాడులకు వెళ్ళి, చివరకు శిక్షణకు చేరింది. యుద్ధంలో వాడిన విమానాలను అనుభవం లేనివారి చేతికిచ్చి, శీతాకాలంలో కొండల మీదికి పంపడం ఏ లెక్కన న్యాయం?

నావిగేటర్: ఆ ఇంజిన్ అరుగుదల వల్లే ఆగిందని మీరు రుజువు చేయలేరు. పోనీ, కొత్త విమానాలను శిక్షణకిచ్చి పాతవాటిని జర్మనీ మీదికి పంపాలంటారా? వాతావరణం మాటకొస్తే, రాత్రివేళ మేఘాల మీదుగా దారి వెతుక్కోవలసిన నావిగేటర్ నిర్మలాకాశంలో మాత్రమే నేర్చుకుంటే, అతన్ని నమ్మి వెళ్ళిన వారందరి ప్రాణాలూ పోతాయి. ఈ మాట నా అనుభవంతోనే అంటున్నాను.

అధ్యాపకురాలు: బ్రిటిష్ వైమానిక దళపు బాంబర్ల విభాగమైన బాంబర్ కమాండ్‌లో ఆ యుద్ధంలో మరణించిన 55,573 మందిలో 8,305 మంది పోరాటంలో చనిపోలేదు, శిక్షణలోనో, ఇతర విధుల్లోనో పోయారు. దాదాపు ఏడుగురిలో ఒకరు. ఇంతమంది పోయాక, ఆ తప్పును కొండల్లోని మేఘం మీదికి నెట్టకూడదు. అంత తొందరగా సిబ్బందిని తయారుచేయాలని నిర్ణయించిన వారున్నారు.

నావిగేటర్: ఫ్రాన్స్ పడిపోయింది, నగరాలు బాంబులకు తగలబడుతున్నాయి, జర్మనీని నేరుగా కొట్టడానికి బ్రిటన్ చేతిలో మిగిలింది బాంబర్లే. 1940లో ఆ తొందరను లండన్ ఎంచుకోలేదమ్మా, బెర్లిన్ తెచ్చిపెట్టింది.

అధ్యాపకురాలు: తొందర బెర్లిన్‌దే కావచ్చు. కాని ఆ రోజు, ఆ వాతావరణంలో, ఆ విమానాన్ని ఎగరమన్న ఉత్తర్వు వెలువడింది లాసీమౌత్‌లో.