మీ దిగులుకు రెండు నిమిషాలు చాలు

"హాయ్ ఫ్రెండ్స్, మెంటల్ హెల్త్ మీద నా రీసెర్చ్‌కి చిన్న సర్వే. రెండే రెండు నిమిషాలు. ప్లీజ్, మీ గ్రూపుల్లో కూడా పెట్టండి." చివర మూడు దణ్ణాలు. ఈ మెసేజ్ ఇంకా రాని ఫోను ఏదైనా ఉంటే అది చార్జింగ్ లేక ఆగిపోయి ఉండాలి.

మనిషి మనసు లోతు తెలుసుకోవడానికి పెద్ద పెద్ద వైద్యులకే ఏళ్లు పట్టేదట. డిగ్రీ రెండో ఏడాది విద్యార్థి ఆ పనిని సెమిస్టర్ చివరి వారానికి కుదించాడు. పద్ధతి తేలికే. ముందు పీహెచ్‌క్యూ-9 అనే, డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం దించుకోవాలి. ఉచితంగా దొరుకుతుంది కాబట్టి అదే శాస్త్రీయం. ఒత్తిడి కోసం పక్కన పీఎస్ఎస్-10 అనే పది ప్రశ్నల ఫారం అతికించాలి. ఏం తేల్చాలనుకుంటున్నామన్నది డేటా వచ్చాక ఆలోచించుకోవచ్చు.

శాంపుల్ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, క్లాసులోనే కూర్చుని ఉంటుంది. "నాది నువ్వు నింపు, నీది నేను నింపుతా" అన్న ఒప్పందం మీద యావత్ మానవజాతి ప్రతినిధులు దొరికేస్తారు. సోమవారం డిప్రెషన్ సర్వే, మంగళవారం నిద్ర సర్వే, బుధవారం ఒంటరితనం సర్వే, మూడింటికీ అదే క్లాసు. గురువారానికి వాళ్లకు మిగిలిన మానసిక సమస్య సర్వేలొక్కటే.

ఈ ప్రతినిధుల్లో ఒకణ్ణి కాస్త దగ్గరగా చూద్దాం. వెనక బెంచీ. పాఠం నడుస్తోంది. బొటనవేలు కుడిచివరి వరుసలో పైనుంచి కిందికి జారుతోంది: చాలా తరచుగా, చాలా తరచుగా, చాలా తరచుగా. పీఎస్ఎస్‌లో ఆరు ప్రశ్నలు కష్టాల గురించి. 4, 5, 7, 8 మాత్రం అన్నీ బాగున్నాయా అని అడుగుతాయి. అంటే మనవాడు గత నెలంతా చాలా తరచుగా కుంగిపోయాడు, అదే నెలంతా అంతా తను అనుకున్నట్టే జరుగుతోందని చాలా తరచుగా పొంగిపోయాడు. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి 4 దాకా మార్కులు. ఆ నాలుగింటినీ తిరగేసి, అంటే "చాలా తరచుగా"కు 4 బదులు సున్నా వేస్తే, వాడి స్కోరు 24. తిరగేయడం మరిచిపోతే 40కి 40, ఒత్తిడిలో ఫస్ట్ ర్యాంకు.

మరిచిపోవడం మామూలే. మిగతావాళ్లు బుద్ధిగా నింపినా సరే, ఆ నాలుగూ మిగతా ఆరింటికి ఎదురు తిరిగి, ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా అన్న అంకె పాతాళానికి పోతుంది. అప్పుడు పరిశోధకుడు ఏం చేస్తాడు? స్కోరింగ్ సూచనలు చదువుతాడనుకుంటే మీరు అమాయకులు. "ఈ నాలుగు ప్రశ్నలూ మన సమాజానికి నప్పవు" అని తేల్చి వాటిని పీకేస్తాడు. ఆల్ఫా లేస్తుంది. పేపర్లో ఒక కొత్త పేరా కూడా కలిసొస్తుంది.

ఇక ఫలితాలు. ఫోను చూసే గంటలకూ డిప్రెషన్‌కూ లంకె దొరకలేదా? అమ్మాయిల్లో చూడు. లేదా? హాస్టల్లో ఉండేవాళ్లలో చూడు. ఒక్కడే సంతానమైనవాళ్లలో చూడు. లేని లంకెను ఉందని పొరబడే అవకాశానికి 5 శాతం గీత పెట్టుకుని, అసలేమీ లేనిచోట వేర్వేరుగా 20 పరీక్షలు చేస్తే ఒక్కటైనా ఊరికే "నిజం" అయ్యే అవకాశం 64 శాతం. 2015లో 100 మనస్తత్వ అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. మొదట వాటిలో 97 శాతం ఆ గీత పరీక్ష నెగ్గినవే, రెండోసారి నెగ్గినవి 36 శాతం. అవి పెద్దవాళ్లు రాసినవి. పిల్లలకు వారసత్వమంటూ ఒకటి ఉండాలిగా.

పిల్లల్నే అని లాభం లేదు. పై చదువుకు సీటు కావాలంటే పేపరు ఉందా అంటారు. గంటసేపటి ఇంటర్వ్యూ విని అక్షరం పొల్లుపోకుండా కాగితం మీదికి ఎక్కించడానికి నాలుగు గంటలో ఆపైనో పడుతుంది. ఈ విద్యలో నేర్చుకోవాల్సింది ఆ పనే. దానికి సర్టిఫికెట్ లేదు.

సరే, నవ్వింది చాలు. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న ఏమిటో తెలుసా? చచ్చిపోతే బాగుండుననో, నన్ను నేను ఏదైనా చేసుకోవాలనో ఆలోచనలు వచ్చాయా అని. అర్ధరాత్రి ఎవరో ఒంటరిగా కూర్చుని దానికి "దాదాపు ప్రతిరోజూ" నొక్కుతారు. "మీ స్పందనకు ధన్యవాదాలు" అని తెర మీద వస్తుంది. అంతే! ఆ జవాబును నెల తర్వాత ఎక్సెల్‌లో తెరిచేదాకా చూసే నాథుడు లేడు. చూసినా పేరు లేదు, నంబరు లేదు, అది ఎవరో ఎప్పటికీ తెలియదు. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంది?

రోజూ జవాబులు చూసే మనిషి లేకపోతే ఆ ప్రశ్న తీసేసిన పీహెచ్‌క్యూ-8 ఉంది, అది వాడండి. తొమ్మిదో ప్రశ్న కావలసిందే అంటారా, హెల్ప్‌లైన్ నంబరు ఆ ప్రశ్న కిందే పెట్టండి, ఫారం పంపించాక కాదు. మనిషిని చేరుకునే దారి ముందే అడిగి, అందుకు ఒప్పుకోలు తీసుకోండి. ఫోన్ చేయడానికి ఒక సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో సర్వే మొదలవకముందే ఒప్పించి పెట్టుకోండి. ఇది పందొమ్మిదేళ్ల కుర్రాడికి తట్టకపోవచ్చు. కింద సంతకం పెట్టిన గైడుకు తట్టకపోతే ఆ సంతకం ఎందుకు? ఆ ఫారాన్ని పాస్ చేసిన ఎథిక్స్ కమిటీ ఏం చదివినట్టు?

పైగా మిగతా ప్రశ్నలన్నిటికీ కలిపి ఒక్క మార్కే వచ్చి, తొమ్మిదోదానికి మూడుకు మూడు పడ్డా మొత్తం 4. సున్నా నుంచి 4 దాకా "నామమాత్రం" గడి. ఆ మనిషి వెళ్లి ఆరోగ్యవంతుల లెక్కలో కూర్చుంటాడు. గైడుగారు ఫైలు తెరిచి అడిగేది ఒకటే: "ఆల్ఫా ఎంతొచ్చింది?"