'మేము' అన్నానని మార్కులు కోసేశారు

ఇప్పుడే ల్యాప్‌టాప్ మూశాను. మూయడం కాదు, ఠపీమని కొట్టాను. పాపం దాని తప్పేం లేదు.

ఉద్యోగానికి యాభై నిమిషాల వీడియో ఇంటర్వ్యూ. అవతల ఇద్దరు. ఒకాయన అడుగుతుంటాడు, ఇంకొకావిడ కెమెరా ఆపేసుకుని టైప్ చేస్తుంటుంది. ఆవిడ ఉందనడానికి సాక్ష్యం కీబోర్డు చప్పుడొక్కటే. పదకొండేళ్ల నుంచి డేటా పని చేస్తున్నదాన్ని, దాని గురించి గుచ్చి గుచ్చి అడుగుతారని వారం రోజులు కూర్చుని చదివాను. అడిగింది ఒకటే ప్రశ్న, అదే నాలుగు చొక్కాలు మార్చుకుని వచ్చింది. లీడర్‌షిప్ చూపించిన సందర్భం చెప్పండి. చేతిలో అధికారం లేకుండా లీడర్‌షిప్ చూపించిన సందర్భం చెప్పండి. లీడర్‌గా ఫెయిలైన సందర్భం చెప్పండి. మీ మాట విననివాళ్లను ఒప్పించిన సందర్భం చెప్పండి. నా జీవితమంతా సందర్భాలుగా కోసి ప్లేట్లో పెట్టాలన్నమాట.

సరే, ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పే స్టార్ పద్ధతి మనందరికీ కంఠతా వచ్చిందే కదా. సిచుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్. ఆ క్రమంలోనే చెప్పాను. పాత బిల్లింగ్ సిస్టమ్ నుంచి కొత్తదానికి డేటా మారుస్తున్న రాత్రి. తెల్లారితే గో-లైవ్, అంటే కొత్త సిస్టమ్ వాడకంలోకి రావాలి. పదకొండింటికి చూస్తే మొత్తం సొమ్ము దాదాపు సరిపోతోంది కానీ నెలవారీ లెక్కలు తేలడం లేదు. కొత్త సిస్టమ్ తీసుకోకుండా తిప్పికొట్టినవి పడే రిజెక్ట్ ఫైల్లో కొన్ని వందల రికార్డులున్నాయి. మేనేజర్ ఫోన్ స్విచాఫ్. (ఈయన సంగతి తర్వాత చెప్తా, గుర్తుపెట్టుకోండి.) మిగిలింది నలుగురం. ఒకతను "ముందు లైవ్‌కి వెళ్లిపోదాం, రేపు సరిచేసుకోవచ్చు" అని ఒకటే పట్టు.

అప్పుడు, చేరి మూడు నెలలు కూడా కాని కుర్రాడు, అప్పటిదాకా నోరెత్తనివాడు, మెల్లగా అన్నాడు: "అక్కా, రిజెక్ట్ అయినవన్నీ పదమూడో తారీఖు నుంచి నెలాఖరు దాకా ఉన్నవే. పన్నెండు లోపుది ఒక్కటీ లేదు."

అంతే, వెలిగింది. తేదీలో రోజూ నెలా తారుమారయ్యాయి. ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయి బుద్ధిగా లోపలికెళ్లి కూర్చుంది. 12 దాటినవాటికి అలాంటి నెలే లేదు కాబట్టి అవి మాత్రమే ఎర్రర్ కొట్టి బయటపడ్డాయి. అంటే బయటికొచ్చినవి అసలు గొడవే కాదు, నోరు మూసుకుని లోపలికెళ్లినవే గొడవ. లైవ్‌కి వెళ్లుంటే ఎవరి బిల్లు ఏ నెలలో పడేదో దేవుడికే తెలియాలి. రాత్రి రెండింటికి రోల్‌బ్యాక్ చేశాం, అంటే మార్చినదంతా వెనక్కి తీసేశాం. పొద్దున్నే ఆరింటికి క్లయింటుకు ఫోన్ చేసి, గో-లైవ్ లేదు, కారణం ఇదీ అని చెప్పింది నేనే. తిట్లు తిన్నదీ నేనే. తర్వాతి వారం ఒక్క రికార్డూ తేడా రాకుండా పూర్తిచేశాం.

ఇదంతా విని ఆయన అన్నమాట: "మీరు మాటిమాటికీ 'వీ' అంటున్నారు. 'వీ' వద్దు. 'ఐ' చెప్పండి. మీరేం చేశారు?"

నేను నిజాయితీగా చెప్పాను. "ఆ కుర్రాడి మాట విన్నాను."

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. రాసుకోడానికి ఏమీ లేదన్నమాట.

నలుగురు మాట్లాడుతున్నప్పుడు, అందులో గట్టిగా అరిచేవాడొకడున్నప్పుడు, మూలన కూర్చున్న కొత్త కుర్రాడు గొణిగిన మాట వినడం, విని "ఆగండి, వాణ్ణి చెప్పనివ్వండి" అనడం... అది పని కాదా? యాక్షన్ గడిలో పట్టదా? బల్ల గుద్ది "నేను నిర్ణయించాను" అంటేనే పడుతుందా?

అసలు ఈ భాష గొడవ ఒకటి. తెలుగులో మేము వేరు, మనం వేరు. 'మేము చేశాం' అంటే ఎదుటివాణ్ణి బయట ఉంచి మా నలుగురి సంగతి చెప్తున్నట్టు. 'మనం చేశాం' అంటే ఎదుటివాణ్ణి కూడా లోపలికి లాగినట్టు. ఎంత చక్కటి తేడా! పనిచేసింది మేము, పేరొచ్చేటప్పటికి మనం, తప్పు దొరికితే నువ్వు. ఆఫీసంటే ఇంతే కదా, ఒక్క వ్యాకరణంలో వచ్చేసింది. ఇంగ్లీషులో రెండూ కలిపి ఒకటే 'వీ'. అదీ ఇప్పుడు నిషేధం. చిన్నప్పటి నుంచి ఆత్మస్తుతి పనికిరాదని చెప్పి చెప్పి పెంచారు. ఇప్పుడేమో యాభై నిమిషాలు ఆపకుండా ఆత్మస్తుతి చేస్తేనే ఉద్యోగమట. అందులోనూ ఆడమనిషి నాలుగుసార్లు 'నేను' అంటే "కొంచెం డామినేటింగ్" అని ఫీడ్‌బ్యాక్. నాకొచ్చింది ఒకసారి. 'మేము' అంటే క్లారిటీ లేదు, 'నేను' అంటే పొగరు. మధ్యలో ఏమనాలి, 'అది దానంతటదే జరిగింది' అనాలా?

ఇంకో విచిత్రం. ఈ సందర్భాలు అడిగే పద్ధతికి మూలపురుషుల్లో ఒకాయన జాన్ ఫ్లానగన్ అనే అమెరికన్ సైకాలజిస్టు. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ల వైమానిక దళానికి పనిచేశాడు. యుద్ధంలో మంచి నాయకత్వం అంటే ఏమిటో తేల్చాలని 1944లో సైనికుల్ని అడిగారు. 1954లో ఆ పద్ధతిని వివరంగా అచ్చువేశాడు. ఏమని అడిగారో తెలుసా? "నీ గొప్ప చెప్పు" అని కాదు. నువ్వు కళ్లారా చూసినప్పుడు, పనికొచ్చేలా ఎవరు ఏం చేశారు, పని చెడేలా ఎవరు ఏం చేశారు అని. అంటే పక్కవాణ్ణి అడిగారు! చూసినవాణ్ణి అడిగారు! ఆ బుర్ర మనవాళ్లకు లేదు. పెళ్లికొడుకునే పిలిచి "మీరు మంచివారేనా, ఒక ఉదాహరణ చెప్పండి" అంటారు. నా లీడర్‌షిప్ గురించి ఆ మూడు నెలల కుర్రాణ్ణి అడగండి, మూడు నిమిషాల్లో చెప్తాడు.

చివర్లో ఇంకో ముత్యం. "లీడ్ రోల్ మీద మీకు ఆసక్తి ఉందా?" ఇది ప్రశ్న కాదు, బోను. ఉంది అంటే "మరి ఇది ఇండివిడ్యువల్ రోల్ కదా, మీ కింద ఎవరూ ఉండరు, ఎన్నాళ్లుంటారు?" లేదు అంటే "ఎదగాలని లేదా?" నేను ఉంది అన్నాను. వెంటనే, "కానీ మీరు అఫీషియల్‌గా ఎప్పుడూ లీడ్‌గా చేయలేదు కదా?"

అఫీషియల్‌గా.

ఇదిగో, ఇక్కడ తెగింది నాకు. పద్నాలుగు నెలలు 'యాక్టింగ్ లీడ్'. పేరులోనే ఉంది, నటన. ఆరుగురి సెలవులు నేను చూశాను, గొడవ ముదిరి పైకి వచ్చే ఎస్కలేషన్ కాల్స్ నేను ఎత్తాను, కొత్తవాళ్లకు పని నేను నేర్పాను. డిజిగ్నేషన్ ఏదండీ అంటే, ఆ స్విచాఫ్ మహానుభావుడు నవ్వుతూ "టైటిల్‌దేముంది, ముందు నేర్చుకో, అదే వస్తుంది" అన్నాడు. వచ్చింది. ఆయనకు. ఆ రాత్రి జరిగినదంతా పెద్దవాళ్ల రివ్యూలో ఒక స్లైడ్ అయింది. ఆ స్లైడ్ తయారుచేసింది కూడా నేనే. నేను 'టీమ్ రికవర్డ్' అని రాసి పంపితే, తెర మీదికి వచ్చేసరికి 'ఐ లెడ్ ద రికవరీ' అయింది. నిద్రలో లీడ్ చేశాడు కాబోలు. సొమ్మొకడిది సోకొకడిది. ఆ మీటింగులో నేను ఎక్కడున్నానంటే, స్లైడ్లు మారుస్తూ. "నెక్స్ట్" అంటే నెక్స్ట్ నొక్కాను.

ఈరోజు ఇంటర్వ్యూలో నా బదులు ఆ మేనేజర్ కూర్చుని ఉంటే? అదే కథ, అదే రాత్రి, నోటి నిండా 'ఐ'. కీబోర్డు ఆగకుండా మోగేది. బుల్లెట్ పాయింట్లు రాసుకోలేక ఆవిడ కెమెరా కూడా ఆన్ చేసేది. ఆయన అబద్ధం వాళ్లు అడిగిన గడుల్లో సరిగ్గా అమరుతుంది, నా నిజం అమరదు. అప్పుడు నోరెత్తనందుకు నన్ను నేను తిట్టుకోవాలా, ఇప్పుడు 'ఐ' అననందుకు తిట్టుకోవాలా, అదీ అర్థం కావట్లేదు.

ఇది రాస్తుండగానే మెయిల్ వచ్చింది. రిజల్ట్ అనుకుని గుండె జారింది. కాదు, ఇంటర్వ్యూ అనుభవం ఎలా ఉందో ఐదు స్టార్లకు రేటింగ్ ఇవ్వాలట. మూడిచ్చాను, ఎందుకైనా మంచిదని. కింద కామెంట్ రాయడానికి ఒక డబ్బా కూడా ఉంది. 'మేము చాలా సంతోషించాం' అని కొట్టి పంపేశాను.